చెప్పే ఆట

పోయిన మంగళవారం పొద్దున, బడిలో ప్రార్థన ముగిసి పిల్లలు వరుసగా తరగతుల్లోకి పోతూ ఉండగా నా ఫోను మోగింది. చేసింది టాకీసు పెదనాయన తమ్ముడు. మామూలుగా ఫోను లేకపోయినా వినపడేంత గట్టిగా మాట్లాడే మనిషి. ఆ పొద్దు మాత్రం ఫోను చెవికి అదిమిపెట్టుకుంటే గానీ వినపడలేదు.

"పాపా, అన్న ల్యాడు" అన్నాడు. "కాఫీ తీసుకోని వదిన పోయి లేపితే లేయల్యాదు."

హెడ్మాస్టరమ్మకు చెప్పి ఆటో ఎక్కాను. దారి పొడుగునా ఎదురుగా ఖనిజం లారీలు. ఆటో నడిపే అతను ముక్కుకు గుడ్డ కట్టుకుని ఉన్నాడు. అద్దంలో నా ముఖం చూసి, "దుమ్ము జాస్తి ఆయ్తమ్మా, కండ్లు మండ్తాండాయి కదా" అన్నాడు. అవునన్నాను.

ఆయన నాకు చుట్టం కాదు. వాళ్ళది కురుగోడు వైపు చేలున్న రైతు కుటుంబం. మాది మిషను వాళ్ళ కాలం నుంచీ చర్చి నీడన బతికిన కుటుంబం. మా ఇంటి పెరటి గోడకు అవతల ఆయన సినిమాహాలు ఉండేది, అంతే. అయినా బ్రూస్‌పేటలో మా వీధి వాళ్ళందరికీ ఆయన టాకీసు పెదనాయనే. చిన్నప్పుడు నేను ఆయన ఇంటి పేరు 'టాకీసు' అనే అనుకునేదాన్ని.

హాలు అంటే మీరు పెద్దగా ఊహించుకోకండి. పత్తి బాగా పండిన ఏడు వాళ్ళ నాయన కట్టించినది. రేకుల కప్పు, చెక్క కుర్చీలు, ముందర బెంచీలు, ఆడవాళ్ళకు పక్కగా వేరే దారి. తెర అంటే గుడ్డ కాదు, గోడ. తూర్పు వైపు గోడను నున్నగా పూసి, దాని మీద తెల్లసున్నం కొట్టేవాళ్ళు. సినిమా ఆ గోడ మీదే పడేది. కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్ళు మొదటిసారి చూసి నవ్వేవాళ్ళు. పాటలు మొదలయ్యాక ఆ సంగతి మరచిపోయేవాళ్ళు.

ఆ రోజుల్లో పెదనాయన ఏ ఆటకూ కుర్చీలో కూర్చోగా నేను చూడలేదు. తలుపు దగ్గర నల్ల పరదా పట్టుకుని నిలబడేవారు. ఆలస్యంగా వచ్చినవాళ్ళకు పరదా కొంచెం ఎత్తి, భుజం మీది తువ్వాలతో బెంచీ దులిపి చూపించేవారు. మధ్యలో లేచిపోయేవాళ్ళకు కూడా అంతే మర్యాదగా పరదా ఎత్తేవారు. ఆట వదిలాక మాత్రం ఎవరినీ వదిలేవారు కాదు. "ఏం చూస్తివి?" అని అడిగేవారు. 'బాగుంది' అంటే ఒప్పుకునేవారు కాదు. "బాగుండేది నాకూ తెలుసు. నువ్వు ఏం చూస్తివో అది చెప్పు" అనేవారు. ఆ ప్రశ్నకు భయపడి మా అన్న పక్క తలుపు నుంచి పారిపోయేవాడు. నేను నిలబడి చెప్పేదాన్ని. నాకు నోరెక్కువని మా అమ్మ బాధపడేది, ఆయన సంతోషపడేవారు.

పొద్దున పూట హాలు ఖాళీగా ఉంటే ఆయనకు తోచేది కాదు. "ఇంత నీడ ఉండాది. సుమ్నె, ఉత్తగా గబ్బిలాలకి ఇచ్చేదా?" అనేవారు. అందుకని ఉగాదికి పంచాంగం అక్కడే చదివేవాళ్ళు. మా సంఘం పిల్లల క్రిస్మస్ నాటకం అక్కడే ఆడేవాళ్ళం. పక్క సందులోని సాయిబుల ఆడపిల్లలు అక్కడే కుట్టు నేర్చుకున్నారు. శుక్రవారం మధ్యాహ్నం మగవాళ్ళను రానివ్వని ఆట ఒకటి ఉండేది. చంటిపిల్లలు బెదరకుండా ఆ ఆటకు దీపాలన్నీ ఆర్పేవారు కాదు. ఇవేవీ ఘనకార్యాలని ఆయన అనుకోలేదు, నేనూ అనడం లేదు. చచ్చిపోయినవాళ్ళను ఉన్నదానికన్నా పెద్ద చేసి రాస్తే ఆయనకు నచ్చదు. ఎందుకు నచ్చదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా చర్చిలో హార్మోనియం వాయించే అవ్వ ఒకామె ఉండేది. ఆమెకు పుట్టుకతోనే చూపు లేదు. వీధి చివర చూపు లేనివాళ్ళ హాస్టల్లో ఉండేది. ఒక మధ్యాహ్నం ఆమె హాలు పక్క తలుపుకు చెవి ఆనించి ఎండలో నిలబడి ఉండగా పెదనాయన చూశారు.

"ఏంది అవ్వా, ఈడ నిలబడితివి? లోపలికి రా."

"ఎందుకులే నాయనా. మాటలు వింటాండా. లోపలికొచ్చినా నాకొచ్చేది సగమే కదా."

పెదనాయన ఆమె చెయ్యి పట్టుకుని తీసుకుపోయి బెంచీ మీద కూర్చోబెట్టారు. తాను కింద నేల మీద చతికిలపడి, మిగతా సగం ఆమె చెవిలో చెప్పారు. ఎవరు వస్తున్నారు, ఎవరు పోతున్నారు, మాట్లాడకుండా ఉన్నప్పుడు ఎవరు ఎవరివైపు చూస్తున్నారు. ఆయన ఆపినప్పుడల్లా అవ్వ "తర్వాత?" అనేదట. తరువాతి వారం అవ్వ హాస్టలు వాళ్ళను ఇంకొందరిని వెంటబెట్టుకుని వచ్చింది. ఒక్క నోరు చాలలేదు. అప్పటికి నేను బడిలో టీచరుగా చేరాను. ఆ సాయంత్రం ఆయన మా ఇంటికి వచ్చారు.

"టీచరమ్మా, పిల్లోళ్ళకి పాఠం చెప్తాండావు కదా. పెద్దోళ్ళకి సినిమా చెప్పేకి రా."

అలా మొదలైంది చెప్పే ఆట. నెలలో రెండో శనివారం పొద్దున బడులకు సెలవు కాబట్టి ఆ పూట. చూపు లేనివాళ్ళు ఒక్కొక్కరి పక్కన చూపున్నవాళ్ళు ఒక్కొక్కరు. చెప్పడానికి వీలుగా శబ్దం కాస్త తగ్గించేవారు. చుట్టూ తెలుగు, కన్నడ, తురకం గుసగుసలు. మిగతా జనం కూడా రావచ్చు కానీ గుసగుసల మీద విసుక్కోకూడదు. కొన్నాళ్ళకు ఆ గుసగుసల కోసమే వచ్చేవాళ్ళు తయారయ్యారు.

మొదటి ఆటలో జరిగిన పొరపాటు చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. చెప్పడానికి మా సంఘం స్త్రీలు చాలామంది వచ్చారు. వాళ్ళలో పెద్దామె ఒకావిడ, మహా నిష్ఠాపరురాలు. ఆమె పక్కన హాస్టల్లో ఉండి కుర్చీలు అల్లే ఆయన కూర్చున్నాడు. కాసేపటికి గోడ మీద ఒక నాట్యం మొదలైంది. అది ఎలాంటి నాట్యమో మీరే ఊహించుకోండి. పెద్దామె గట్టిగా కళ్ళు మూసుకుంది.

"ఇప్పుడేమీ లేదు" అంది.

వెనక బెంచీల నుంచి ఈలలు. కుర్చీలు అల్లే ఆయన తల తిప్పాడు. "ఏమీ ల్యాకపోతే అందరూ ఎందుకమ్మా ఈలలేస్తాండారు?"

"కరెంటు పోయింది."

"కరెంటు పోతే పాట యాడ్నించి వస్తాండాది?"

ఆ మాట విని చుట్టుపక్కల వాళ్ళంతా విరగబడి నవ్వారు. నవ్వనిది హార్మోనియం అవ్వ ఒక్కతే. లేచి నిలబడింది. "కండ్లు ల్యాకపోతే ల్యాకపోనీ. మాట కూడా ల్యాకుండా చేస్తారా మాకు?" అంది. హాలు మొత్తం చల్లబడింది.

పెదనాయన ఇంటర్వెల్లులో గోడ ముందుకు వచ్చి నిలబడ్డారు. పదిమందిలో మాట్లాడే అలవాటు లేక తువ్వాల నలుపుతూ నిలబడి, "అమ్మా, అందరూ ఒక మాట వినండి" అన్నారు. "ఉంటే ఉండాదని చెప్పండి. ల్యాకపోతే ల్యాదని చెప్పండి. మంచిదో చెడ్డదో, ఏడ్చల్లో నవ్వల్లో వాళ్ళు చూసుకుంటారు. అది మన పని కాదు."

మా పెద్దామె అలిగి మానేస్తుందనుకున్నాం. మానలేదు సరికదా, మరుసటి నెల వచ్చిన నాట్యాన్ని ఎంత వివరంగా చెప్పిందంటే, కళ్ళున్న మగవాళ్ళు కొందరు వినడానికి ఆమె వెనక బెంచీకి మారారు. ఆమె ఇప్పుడు లేదు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

ఆ గోడకు ఏడాదికొకసారి దసరా ముందు వీధంతా కలిసి సున్నం కొట్టేవాళ్ళం. ఇనుప ఖనిజం లారీలు మొదలయ్యాక ఆ లెక్క చెడిపోయింది. ఎంత మూసినా దుమ్ము రేకుల సందుల నుంచి దూరేది. మా ఇళ్ళలో అన్నం తెల్లగా వండితే వడ్డించేలోపు రంగు మారేది. హాల్లో గోడ మెల్లమెల్లగా ఎర్రబడింది. రోజూ చూసేవాళ్ళం కాబట్టి మాకు తెలియలేదు. ఒక చెప్పే ఆటలో కథానాయిక పెళ్ళికి సిద్ధమై మెట్లు దిగుతోంది. అవ్వ "చీర ఏ రంగు?" అని అడిగింది. అవ్వ ఎప్పుడూ రంగులు అడిగేది. చూపు లేని మనిషికి రంగులెందుకని నేను మొదట్లో అనుకున్నాను. ఒకసారి పెదనాయనను అడిగితే, "ఆమె అడిగింది కదా, చెప్పు" అన్నారంతే.

"తెల్ల చీరే అయ్యుండల్ల అవ్వా. కానీ మన గోడ మీద ఎర్రగా పడ్తాండాది" అన్నాను.

వెనక పరదా దగ్గర నిలబడిన పెదనాయన అది విన్నారు. మరునాడు ఆదివారం. మా ఆరాధన అయ్యేసరికి చర్చి గేటు దగ్గర సున్నం బకెట్లతో సిద్ధంగా ఉన్నారు. హాస్టలు వాళ్ళను కూడా పిలిచారు. పాత పూత గీకే పని వాళ్ళది. అన్నేళ్ళు సినిమాలు 'చూసిన' మనుషులు ఆ రోజు మొదటిసారి ఆ గోడను ముట్టుకున్నారు. అవ్వ రెండు అరచేతులూ ఆనించి ఈ చివర నుంచి ఆ చివరికి నడిచింది.

"ఇంతేనా నాయనా? ఉత్త గోడేనా?" అంది. "ఇంతమంది కూర్చోని ఏడ్చేది గోడను చూసేనా?" అని నవ్వింది. నవ్వి నవ్వి గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. పెదనాయన భార్యను మేం పెద్దమ్మ అంటాం. ఆమె ఉగ్గాని, మిర్చి బజ్జీలు గంపలో పెట్టుకుని వచ్చి అందరి చేతుల్లోనూ ఆకులు పెట్టింది. చెయ్యి చాపకుండా వెనక నిలబడినవాళ్ళను వెతికి మరీ పెట్టింది. పెద్దమ్మ అలాంటిది. ఎవరూ నొచ్చుకోకూడదు, ఎవరూ ఆకలితో పోకూడదు. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత జరిగినదానికి ఆమెను తప్పు పట్టకుండా ఉంటారు.

అవి మా ఊరు మారిపోతున్న రోజులు. నిన్న సైకిలు తొక్కిన మనిషి ఇవాళ కారులో వచ్చి పాత స్నేహితుల ముందు హారన్ కొట్టేవాడు. పెదనాయన తమ్ముడు కూడా చేను పని వదిలి లారీలు కొన్నాడు. చెడ్డవాడు కాదు. అన్న అంటే ప్రాణం. పంపకాల్లో హాలున్న స్థలం తన వాటాకు వచ్చినా, "అన్న నడిపేదంకా నేను ముట్టను" అని అందరి ముందూ అన్నాడు, అలాగే ఉన్నాడు. కానీ స్థలాల కోసం జనం ఎగబడుతున్న కాలం. ఎవరో ఒకరు తమ్ముణ్ణి అడుగుతూనే ఉన్నారు.

పెదనాయన చూపు ఎప్పుడు తగ్గిందో మాకెవరికీ తెలియలేదు. హాల్లో ప్రతి మూలా ఆయన కాళ్ళకు తెలుసు కాబట్టి తడబడింది లేదు. కనిపెట్టింది హార్మోనియం అవ్వ. ఒక ఆటలో ఆయన అవ్వ పక్కన కూర్చుని, "పిల్లోడు పరిగెత్తి వస్తాండాడు" అని చెప్పారట. వెంటనే గోడ మీద నుంచి ఆడపిల్ల గొంతు వినపడింది. అవ్వ మెల్లగా, "నాయనా, నీకూ కనపడ్తాల్యాదా?" అంది. అవ్వ ఆయన చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. పక్క బెంచీ నుంచి నేనది చూశాను.

డాక్టరు కంటి లోపల ఒత్తిడితో నరాలు పోయాయని, ముందే వచ్చి ఉండాల్సిందని చెప్పాడు. ఆ మరుసటి రెండో శనివారం పెదనాయన పరదా వదిలి, వినేవాళ్ళ వరుసలో వచ్చి కూర్చున్నారు. "పాపా, ఈ పొద్దు నాకు చెప్పు" అన్నారు. నేను ఆయన కళ్ళనే చూస్తూ గోడ సంగతి మరచిపోయాను. "సినిమా మొదలాయెనా ల్యాదా?" అని కసిరారు.

వినేవాడిగా ఆయన మహా కష్టమైన మనిషి, ఇది కూడా ఉన్నది ఉన్నట్టే చెప్తున్నాను. "ఉత్త చీరలు చెప్తే ఎట్ల, మొగం చెప్పు" అనేవారు. "ఏడుస్తాండాది అనొద్దు. ఏం చేస్తాండాదో చెప్పు, ఏడుస్తాండేది నేను అనుకుంటా" అనేవారు. ఇంటికి వచ్చేసరికి నాకు తల వాచిపోయేది. మళ్ళీ నెల ఎప్పుడు వస్తుందా అని చూసేదాన్ని.

అవ్వ పోయిన ఏడు చనిపోయింది. సమాధి దగ్గర మా సంఘం ఆడవాళ్ళం అందరం పాటలు పాడి, తలా పిడికెడు మన్ను వేశాం. పెదనాయన తమ్ముడి చెయ్యి పట్టుకుని వచ్చి తానూ వేశారు. ఆ సాయంత్రం పెద్దమ్మ నన్ను అన్నీ అడిగింది. "మీవాళ్ళల్లో ఆడోళ్ళు చివరిదంకా పోతారంట కదా. మాకు గడప దంకానే" అంది. ఊరికే అన్న మాట అనుకున్నాను.

ఆ తర్వాత కొద్ది నెలలకే హాలు మూశారు. పెదనాయనకు సినిమా మిషను రిపేరని చెప్పారు. నిజానికి తమ్ముడు లొంగిపోయాడు, అంగళ్ళ కాంప్లెక్సు కట్టడానికి ఒప్పుకున్నాడు. ఆ మాట అన్నతో చెప్పడానికి నోరు రాలేదు. పెద్దమ్మకూ భయమే. ఆయనకు అప్పటికే గుండె బాగాలేదు. ఇంటికి వచ్చే ప్రతివాళ్ళనూ ఆమె గడప దగ్గరే ఆపి, చేతులు పట్టుకుని, హాలు సంగతి ఎత్తొద్దని బతిమాలేది. నన్నూ బతిమాలింది. నేను సరే అనలేదు, కాదనీ అనలేదు. కొన్నాళ్ళు ఆ ఇంటికి పోవడమే తగ్గించాను.

ఇల్లు హాలుకు దగ్గరే కదా, సుత్తి దెబ్బలు ఆయనకు వినపడవా! ఏంటని అడిగితే రేకులు బిగిస్తున్నారని ఒకరు, మోరీ తవ్వుతున్నారని ఒకరు చెప్పారు. ఒక సాయంత్రం ఆయన నాకు కబురు పంపారు. పోయేసరికి మంచం మీద కూర్చుని ఉన్నారు. తలుపు దగ్గర పెద్దమ్మ నిలబడి నా వైపే చూస్తోంది, తల అడ్డంగా ఊపుతోంది.

"వచ్చేటప్పుడు హాలు దావనే వస్తివి కదా?" అన్నారు పెదనాయన.

"ఆ దావనే వస్తి పెద్నాయనా."

"ఏం చూస్తివి?"

మంచి మాట ఒకటి నోటి చివరిదాకా వచ్చింది. రిపేరు జరుగుతోంది, దసరాకు తెరుస్తారు. ఎంత తేలిక! పెద్దమ్మ కళ్ళలో నీళ్ళు. ఆయనకు కావలసింది మంచి మాట అయితే ఇంట్లోనే బోలెడుమంది చెప్తున్నారు, నన్ను పిలవనక్కరలేదు. నేను మంచం పక్కన కూర్చున్నాను, ఎప్పుడూ కూర్చునే వైపే.

"రేకులు తీసేసినారు పెద్నాయనా."

పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది.

"అన్నీనా?"

"అన్నీ. పైకి చూస్తే ఆకాశం కనపడ్తాండాది."

"ఏ రంగు?"

"మన ఊరి రంగే. కొంచెం ఎర్రగా ఉండాది."

"కుర్చీలు?"

"ల్యావు. ముందర గోడ కూడా ల్యాదు. వీధిలో నించి చూస్తే లోపల అంతా కనపడ్తాది."

ఆయన హాలు వైపు ముఖం తిప్పారు. "మన గోడ?"

"ఉండాది. పైన దుమ్ము పడింది. నడుమ ఇంకా తెల్లగానే ఉండాది."

ఆయన ఏడ్చారు. చప్పుడు లేకుండా, తువ్వాల కూడా తీసుకోకుండా ఏడ్చారు. నేను చేసింది తప్పేమో అనుకున్నాను. కాసేపటికి ముఖం తుడుచుకుని, "ఇన్ని దినాలు నన్ను పిల్లోడి మాదిరి జోకొట్టిరి పాపా" అన్నారు. "ఈ పొద్దు మళ్ళ మనిషినైతిని." తర్వాత తమ్ముణ్ణి పిలిపించారు. అతను వచ్చి కాళ్ళ దగ్గర కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాడు. పెదనాయన తమ్ముడి తల మీద చెయ్యి పెట్టి, "నీ స్థలమప్పా అది. నాకు చెప్పింటే చాలు" అన్నారు. వేరే మాట అనలేదు.

అప్పటి నుంచి బడి వదలగానే నేను హాలు ముందర కాసేపు నిలబడి, పోయి ఆయనకు చెప్పేదాన్ని. ఇవాళ టికెట్ల గది తీసేశారు. ఇవాళ ఆడవాళ్ళ దారి మెట్లు పోయాయి, ఒక మెట్టు కింద ఎవరిదో గాజు దొరికింది. ఆయన "తర్వాత?" అనేవారు, అచ్చం అవ్వ లాగే. తమ్ముడు చెప్పి ఆపించాడో, పనివాళ్ళకే వీలుపడలేదో, తూర్పు గోడ జోలికి మాత్రం ఎవరూ పోలేదు.

పెద్దమ్మ నాతో మాట్లాడటం మానేసింది. నేను పోతే లేచి వంటింట్లోకి పోయేది. ఆ ఇంట్లో నాకు మంచినీళ్ళ లోటా కూడా పనిపిల్ల తెచ్చి ఇచ్చేది. ఒకరోజు నేను చెప్పులు వేసుకుంటుంటే గడప అవతల నిలబడి, "నిదానంగా చంపుతాండావు ఆయన్ని" అంది. చెప్పులు తొడుక్కుని వచ్చేశాను. ఆమె అంటున్నది నిజమేనేమో, నాకేం తెలుసు? ఇప్పటికీ తెలియదు. సోమవారం సాయంత్రం కూడా ఆయనకు చెప్పి వచ్చాను. మంగళవారం ఆయన లేరు.

పోయిన మంగళవారం మధ్యాహ్నానికి ఇల్లు జనంతో నిండింది. హాస్టలు వాళ్ళు ఒకరి భుజం ఒకరు పట్టుకుని వరుసగా వచ్చి, ఆయన పాదాలు తడిమి చూసి పోయారు. ఎత్తే వేళయింది. కురుగోడు దగ్గర వాళ్ళ చేలో, నాయన పక్కనే దహనం. రోడ్డు దాకా మోసుకుపోయి అక్కడి నుంచి బండిలో తీసుకుపోవాలని అనుకున్నారు. నేను ఆడవాళ్ళలో వెనకగా, పెద్దమ్మ కంట పడకుండా నిలబడ్డాను. ఆమె అందరినీ తప్పించుకుని సూటిగా నా దగ్గరికి వచ్చింది.

"నువ్వు పో" అంది.

ఇంట్లో నుంచి పొమ్మంటోందని అనుకున్నాను. "పోతా పెద్దమ్మా" అన్నాను.

"ఇంటికి కాదు. ఆయన వెంబడి చేను దంకా పో."

తమ్ముడు అడ్డం వచ్చాడు. "వదినా, మనలో ఆడోళ్ళు రారు కదా."

"వాళ్ళల్లో పోతారు. పోనీ." నా చెయ్యి పట్టుకుంది. చాలా నెలల తర్వాత పట్టుకుంది. "నేను గడప దాటేకి ల్యాదు. నువ్వు అంతా చూసి వచ్చి నాకు చెప్పు. ఉండేది చెప్పు. నాకు మంచి మాటలు చెప్పొద్దు."

పోయాను. అంతమంది మగవాళ్ళ మధ్య నేనొక్కదాన్నే. ఎవరూ ఏమీ అనలేదు.

తిరిగి వచ్చి, మా ఇంట్లో స్నానం చేసి పోయేసరికి ఆయన పడుకున్న చోట దీపం పెట్టి ఉంది. పక్కన గోడకు ఆనుకుని పెద్దమ్మ. నేను పక్కన కూర్చుని చెప్పాను. చేలో శనగ వేసి ఉన్నారని, గట్టు మీద ఆయన నాయన సమాధి పక్కన చదును చేశారని. కట్టెలు పచ్చిగా ఉండి ముందు అంటుకోలేదని, పొగ వచ్చిందని. తమ్ముడు కుండ మోసి తిరిగేటప్పుడు కాలు తడబడితే నేనే పట్టుకున్నానని. ఆమె కళ్ళు మూసుకుని వింటోంది. అన్నీ అయ్యాక అడిగింది.

"వీధిలో డోలు నిలిచిపాయె. ఈడికి వినపడె. ఎందుకు నిలిపిరి?"

"హాలు ముందర నిలిపిరి పెద్దమ్మా. ఆయన తమ్ముడే ఆగమనె. లోపలికి తీసుకపోయి కింద దింపిరి."

"కాంప్లెక్సు పునాదులు తీసినారంట కదా. చోటుండాదా?"

"నడుమ ఉండాది."

"గోడ?"

"ఉండాది. ఎండ నేరుగా దాని మీద పడ్తాండె. ఎర్రగానే ఉండాది పెద్దమ్మా, నడుమ ఇంత తెలుపు మిగిలింది. మళ్ళ పాడె ఎత్తిరి. ఎత్తితే నీడ గోడ మీద పడె. మోసేవాళ్ళ తలకాయలు, వాటి మీద ఆయన. పూలు తెలుస్తాండె. ముక్కు కూడా తెలుస్తాండె. హాస్టలోళ్ళు గేటు దగ్గర నిలబడింటే కుర్చీలల్లే ఆయన అడిగె, ఎందుకు డోలు నిలిచె అని. పెద్నాయన గోడ మీద పడ్తాండాడని చెప్తి."

పెద్దమ్మ కళ్ళు తెరిచింది. పెళ్ళైన నాటి నుంచి ఆయన్ని పరదా పక్కనే చూసిన మనిషి.

"ఎంతసేపు ఉండె?"

"ఎక్కువసేపు ల్యాదు. వాళ్ళు నడిస్తే నడిచె. అంచు దంకా పోయి, గోడ అయిపోయినంక కనపడల్యా."

"తర్వాత?"

ఆ మాట ఆమె నోట అదే మొదటిసారి వినడం. దీపం వత్తి కొంచెం ఎగదోసి, ఆమె చెయ్యి అందుకుని చెప్పాను.

"తర్వాత ఏమీ ల్యాదు పెద్దమ్మా. ఎండ ఉండె. ఉత్త గోడ ఉండె."